మన గ్యాస్ మన పొయ్యికే

"‘మన గ్యాస్ మన పొయ్యికే!’ ఎట్లున్నది అవ్వ? రేపు చేవెళ్ల మీటింగుల గిదే నా మొదటి మాట."

శుక్రవారం, దీపాలు పెట్టే వేళ. సురంగల్‌లో మాజీ సర్పంచ్ రాజేశ్వర్ ఇంటి అరుగు మీద కాగితం పట్టుకుని నిలబడ్డవాడు రాజేశ్వర్, కింద కూర్చుని వత్తులు చేసుకుంటున్నది అతని తల్లి గోపమ్మ. ఊరి గోబర్ గ్యాస్ సంఘానికి కొడుకు అధ్యక్షుడు. గ్యాస్ గది తాళంచెవి మాత్రం తల్లి కొంగుకు ఉంటుంది, ఊళ్లో ఆడవాళ్లకు అధ్యక్షుడి మీద ఉన్న నమ్మకం అలాంటిది మరి.

"మంచిగనే ఉన్నది బిడ్డ. ఇంకింత చదువు."

"మన భూమిల పుట్టిన నూనె, మన సముద్రంల పుట్టిన గ్యాస్, మనోళ్ల పొయ్యి మండకముందు ఒక్క చుక్క గూడ దేశం దాటొద్దు. ఇంట్ల పిల్లలు పస్తులుంటే పక్కింటికి పాయసం పంపుతమా?"

"దాటుతున్నదా?"

"ఏంది?"

"దేశం దాటుతున్నదా అని. మనోళ్లు ఎవరికన్న అమ్ముతున్నరా?"

"అమ్ముతున్నరో లేదో తర్వాత ముచ్చట అవ్వ. అమ్మొద్దని మనం ముందుగాల చెప్పాలె. పార్టీ పెద్దసారు చెప్పమన్నడు."

"అట్లనా. చాయ్ తాగు, సల్లారుతది."

"పొగ వాసనొస్తున్నది."

"కట్టెల పొయ్యి మీద చాయ్, పూల వాసనొస్తదా?"

"సరే, తాళంచెవి ఇయ్యి. ఫాంహౌసు మేనేజర్ తిరుపతి రెండుసార్లు ఫోన్ చేసిండు. ఫాంహౌసు లైన్ ఇడవాలె."

"ఇయ్యాల శుక్రవారం రా. దీపం గూడ పెట్టిన. దీపం పెట్టినంక ఇంట్ల నిప్పు బయటోళ్లకు ఇస్తమా?"

"అది నిప్పు కాదు, గ్యాస్."

"అగ్గిపుల్ల గీస్తే ఏమైతది?"

"అవ్వ, నీకు సంగతి తెల్వదు. ఇయ్యాల పెద్దసారు భోజనం ఆ ఫాంహౌసులనే. నూరు మంది. సిలిండర్ ముట్టొద్దన్నడు. మన ఊరి పేడ గ్యాస్ మీదనే వండాలె, పొయ్యి పక్కన నిలబడి ఫోటో దిగుతడట. ఆ ఫోటోల నేను ఆయన పక్కన ఉంటే జెడ్పీటీసీ టికెట్ నాదే."

"లేకుంటే?"

"లేకుంటే పక్కూరు హిమాయత్‌నగర్ కల్యాణ్‌ది. వాడు పొద్దటి సంది ఆడ కుర్చీలు తుడుస్తున్నడు."

"మరి మన నలభై ఇండ్ల పొయ్యిలు?"

"ఇంకొక్క రోజు అవ్వ."

"ఇండ్ల లైన్ బంద్ పెట్టించి ఇయ్యాలటికి ఇరవై రోజులు."

"ఊకెనే బంద్ పెట్టించిన్నా? సారు భోజనానికి జమ కావాలె గదా. ఇరవై రోజులల్ల గుంత మీది డ్రమ్ము గ్యాస్ నిండి మీదికి లేచి ఉంటది."

"అంతకుముందు పెండ్లి అన్నవ్, అటే పంపినవ్. ఆ వెనక ఇంకో పెండ్లి. ఆ వెనక ఎవరిదో కుక్క పుట్టినరోజు. కుక్కకు బిర్యానీ వండిన నాడు మన నీలమ్మ మనుమరాలు అటుకులు నానబెట్టుకొని తిని బడికి పోయింది. నీకు చెప్పిన. మూడుసార్లు చెప్పిన."

"ఇన్న."

"ఇని?"

"అది కాంట్రాక్ట్ అవ్వ. ఇస్తమని ఒప్పుకొని, ఇయ్యకుంటే పరువేమన్న ఉంటదా? రేపు ఎవడన్న మన ఊరి గడప తొక్కుతడా?"

"గది రాసినవా కాయిదంల?"

"ఏది?"

"ఒప్పుకున్నంక పంపాలె అని. దేశానికి గూడ ఒప్పుకున్న మాటలు ఉంటయి గదా."

"దేశం వేరు, ఊరు వేరు."

"ఎట్ల వేరు? చెప్పు. రేపు చేవెళ్లల ఎవడన్న లేచి అడిగితే నా కొడుకు నోరెళ్లబెట్టొద్దు."

"దేశమంటే... ఉన్నది మనకే సాలదు. బయటికి పోతే ఈడ ధర పెరుగుతది, పేదోని పొయ్యి ఆరిపోతది."

"మరి ఊర్లె?"

"ఊర్లె మిగులుతది."

"మిగులుతదా."

"మిగలకపోయినా... అరె, బయట గిరాకీ ఉన్నప్పుడు లోపల మూట గట్టుకొని కూసుంటే ఎట్ల? ఫాంహౌసోళ్లు ఊరోళ్ల కంటే మూడింతలు ఇస్తరు. ఆ పైసలతోనే గదా పైపులు బాగు చేయించింది."

"ఏ పైపులు?"

"ఫాంహౌసు దిక్కు పోయేటియి."

"మంచిగున్నది."

"నవ్వకు."

"నవ్వుతలేను బిడ్డ, నేర్చుకుంటున్న. అంటే ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు అమ్ముకునుడు."

"మరి? సరుకు ఎవనిదో వాని ఇష్టం."

"తప్పు గాదు."

"తప్పు గాదు. బజార్ అంటే గదే. పక్కింటోడు ఏడుస్తడని మన సరుకు అగ్గువకు ఇస్తమా? నువ్వు చదువుకోలే, నీకు అర్థం గాదు."

"ఊర్లె ఆడోళ్లు ఎవరు చదివిండ్రు రా. తెల్లారంగనే తట్టెడు పేడ నెత్తిన పెట్టుకొని పోయి గ్యాస్ గుంతల పోస్తరు, తమ పొయ్యి అంటుకుంటదని. వాళ్లది గూడ సరుకేనా?"

"పేడ సరుకేంది అవ్వ, పేడ పేడనే. గ్యాస్ అయినంకనే దానికి ఇజ్జత్."

"అట్లనా. నువ్వు అటు దిక్కు పోక ఎన్ని రోజులాయె?"

"ఎటు?"

"గ్యాస్ గుంత దిక్కు. అధ్యక్షునివి గదా."

"ఆ వాసనకు నాకు తలకాయ నొస్తది, నీకు తెల్వదా. మాట మార్చకు, చెవి ఇయ్యి... ఆగు, మళ్ల తిరుపతే. హలో. ఆ, బయలెల్లిన. అవ్ తిరుపతి, తొవ్వల్నే ఉన్న. బియ్యం నానబెట్టిండ్రా? మటన్ కడిగి పెట్టుండ్రి. సారు కారు ఎక్కడిదాక వచ్చింది? మొయినాబాద్ దాటిందా? కల్యాణ్ ఏం చేస్తున్నడు? దండ పట్టుకొని నిలబడ్డడా? నిలబడనియ్యి. చేతులు గుంజుతయి వానికే. పావుగంటల మంట వస్తది, మా అవ్వ మీద ఒట్టు. లేదు లేదు, సిలిండర్ లోపలికి తేవద్దు, ఫోటోల పడితే సారు మన్నించడు."

"నా మీదనే పెట్టినవా ఒట్టు?"

"ఇంకెవరి మీద పెట్టాలె. అవ్వ, దండం పెడ్త. పదేండ్ల సంది ఆ సారు ఎనక తిరుగుతున్న. ఆయన చెప్పు పోతే చెప్పు ఎతికిన, ఆయన బామ్మర్ది దవాఖానల ఉంటే నాలుగు రోజులు మెట్ల మీద పండుకున్న. ఈ ఒక్క ఫోటో. ఇదిగూడ కల్యాణ్ గాడు కొట్టుకపోతే నేను ఊర్లె తల ఎట్ల ఎత్తుకోవాలె?"

"అయ్యో కొడుక. నీ మొకం సూస్తే నాకు గూడ బాధయితది. ఇగో, చెవి."

"శుక్రవారం అన్నవ్?"

"నువ్వు గింతగనం చెప్పినంక శుక్రవారమేంది. సరుకు ఎవరిదో వాళ్ల ఇష్టం."

"గట్ల అను. నా తల్లివి. పోతున్న."

"టార్చి పట్టుకపో. డ్రమ్ము అంచు తగిలి పడేవు, కిందికి దిగి ఉన్నది."

"కిందికా? నిండితే మీదికి లేవాలె గదా."

"నిండితే లేస్తది."

"లీకైందా?"

"లీకెందుకు అయితది. పేడ పోస్తే గదా గ్యాస్."

"పోస్తలేరా?"

"ఇరవై రోజుల సంది ఒక్క తట్ట పడలే. నువ్వు ఇండ్ల లైన్ బంద్ పెట్టించిన రోజే ఆడోళ్లందరు కూసున్నరు. మన పొయ్యి మండనప్పుడు మనం ఎందుకు మొయ్యాలె అన్నది నీలమ్మ. నేను గూడ తట్ట దించిన."

"నలభై ఇండ్ల పేడ... ఏం చేసిండ్రు అవ్వ?"

"అమ్ముకున్నం."

"పేడనా? ఎవనికి?"

"ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు. నీ ఫాంహౌసోళ్లకే, గులాబి తోటకు. కల్యాణ్ ట్రాక్టర్ పెట్టి ఇంటింటికొచ్చి ఎత్తుకపోతున్నడు, నమస్తె పెట్టి మరీ. ఫికర్ చెయ్యకు బిడ్డ, ఇయ్యాల ఫోటోల మన ఊరి సరుకు ఉంటది. సారు మెడల పడే దండ మా పేడకు పూసిందే."