నాలుగో బెజ్జం

కాదండీ, మౌస్‌ని చీపురు పట్టుకున్నట్టు పట్టుకున్నానట. కంప్యూటర్ నేర్పే పిల్ల అంటుంది, ముసిముసిగా నవ్వుకుంటూ. యాభై మూడేళ్ళదాన్ని, ఇంకెలా పట్టుకుంటాను చెప్పండి? పోనీ మిమ్మల్ని అడుగుదామా అంటే, ఉన్నన్నాళ్ళూ మీకూ రాదాయె.

భోజనాల వేళ, షెడ్డులో ఎవరూ లేరు. మీ డ్రిల్లింగ్ మెషిను పక్కన, మీ స్టూలు మీదే కూర్చున్నాను. మీరు పోయి ఏడాది దాటినా, ఇక్కడైతేనే నా మాట మీకు వినపడుతుందని నాకో పిచ్చి.

మీరు పోయాక మీ షెడ్డు ఓనరు సారు నాకిచ్చిన పనే ఇది. పాత పార్టులన్నీ వెర్నియర్‌తో కొలవాలి, కంప్యూటర్లో బొమ్మ గీయాలి. ఆ బొమ్మను బట్టి కొత్త మెషిను తనంతట తనే పార్టు చేసి పడేస్తుంది. గీత నీలంగా ఉంటే కొలత ఇంకా కుదరనట్టు, నల్లబడితే కుదిరినట్టు. మొదటిసారి గీతలన్నీ నల్లబడ్డ రోజు ఏడ్చానండీ. వెర్నియర్ చూడటం నేర్పింది మీరేగా మరి.

మొన్న నీళ్ళ పంపు మూత ఇచ్చారు. మీరు చివర్న చేసిన మూత. బిగించి చూడకుండానే సారు అలమరలో పడేయించారే, అదే. నాలుగు మూలలా నాలుగు బెజ్జాలు. నాలుగోది రెండు మిల్లీమీటర్లు పక్కకుంది. 'అదొక్కటీ దిద్దమ్మా, మిగతాదంతా బాగుంది' అన్నారు సారు.

నేనూ అలాగే అనుకున్నాను. అప్పటికే మీ చేతులు వణుకుతుండేవి కదా. సగం గీసి, మిర్రర్ అని ఒకటుంటుంది, అది నొక్కాను. అటు సగం ఇటు దిగిపోయింది. నాలుగూ ఒక్క తీరుగా కుదిరాయి. మీ తప్పు నా చేత్తో దిద్దానని ఎంత మురిసిపోయానో.

ఇవాళ పొద్దున కొత్త మూత వచ్చింది. మీసాలాయన, అదే, మీ ఫిట్టరు, మూడు బోల్టులు బిగించాడు. నాలుగోది ఎక్కలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, సుత్తి అందుకున్నాడు, మళ్ళీ కింద పెట్టేశాడు. వంగి పంపు కింద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ పగులొస్తే ఎప్పుడో వెల్డింగ్ పెట్టారట. ఆ వేడికి బోల్టు చోటు కాస్త జరిగిందట.

లేచి అలమరలోంచి మీ మూత తెచ్చి పెట్టాడు. నాలుగు బోల్టులూ వేళ్ళతోనే ఎక్కేశాయి.

'అందుకా ఆయన ఓ పూటంతా ఈ పంపు పక్కన చతికిలబడింది' అన్నాడు. ఎవరికైనా ఒక్క ముక్క చెప్పొచ్చుగా మీరు? మీ నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం పెట్టాలి.

గ్లాసు పట్టుకుంటే వణికే చెయ్యి మెషిను దగ్గర వణకలేదన్నమాట. నాకేం తెలుసండీ?

అప్పట్లో ఆ మూత పట్టుకుని సారు మనింటికి వచ్చారు, మీరు స్నానానికి వెళ్ళినప్పుడు. 'అమ్మా, ఆయన చేతులెలా ఉన్నాయి?' అని మెల్లగా అడిగారు. నీళ్ళు ఒలకబోసుకుంటున్నారు సార్, ఇంక మెషిను దగ్గరికి పంపకండి అన్నాను. వేలు తెగుతుందేమోనని నా భయం. మర్నాడే మిమ్మల్ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

నాలుగు నెలలు. పోయేదాకా అడుగుతూనే ఉన్నారు, సారుకెవరు చెప్పారని. మీసాలాయనే అనుకుని ఆయనతో మాటలు మానేశారు. ఆయన రెండుసార్లు మనింటికొస్తే తలుపు తీయొద్దన్నారు. నేను తీయలేదు. మీకు అన్నం వడ్డిస్తూ నోరు మెదపకుండా ఉండిపోయాను.

బెల్లు కొట్టారు. వెళ్ళి ఆ మూత మళ్ళీ గీయాలి. నాలుగో బెజ్జం మీరు ఎక్కడ పెట్టారో అక్కడే పెడతాను.

ఆయన కాదండీ. నేనే చెప్పాను.