రెండు దోసిళ్ళ చేదు

జాటెట్స్ ఊళ్ళో వెండెలిన్ కొట్టు. బీరులో చేదు కోసం వేసే హాప్ పువ్వుల బస్తాలు గోడ వెంట పేర్చి ఉన్నాయి. ఇంట్లో బీరు కాచుకునే క్విడో, ఆ కొట్టుకి మొట్టమొదటి ఖాతాదారు, బల్ల ముందు కూర్చున్నాడు.

"...ఒక తక్కెడ, మీ మామ ఖాళీ చేసిచ్చిన ఈ రేకుల షెడ్డు. అంతేగా వెండా, మొదట్లో నీ చేతిలో ఉన్నది?"

"నువ్వూ ఉన్నావుగా. తొలి బేరం నీదే. అది సరే, మీ అమ్మాయి పెళ్ళయి రెండు నెలలైంది, ఇటు రావడమే మానేశావేంట్రా క్విడో? మీ హెద్విక ఎలా ఉంది?"

"బాగానే ఉంది. అత్తారింట్లో."

"మరి నీ మొహమేంటి అలా ఉంది?"

"పెళ్ళిలో నా బీరు తాగావా నువ్వు?"

"తాగా."

"ఎంత?"

"ఆ రోజు కడుపు బాలేదులేరా."

"అందరికీ ఆ రోజే పాడైంది కడుపు. మా వియ్యంకుడు ఒక్క గుక్క తాగి గ్లాసు పూలకుండీ వెనక్కి తోశాడు. నేను చూళ్ళేదనుకున్నాడు. కాసేపటికి పెళ్ళికొడుకే వెళ్ళి హోటల్నుంచి పీపా దొర్లించుకొచ్చాడు."

"చేదు కాస్త..."

"కాస్తా?"

"మరిగించడం ఎక్కువైందేమో. పువ్వులు పొయ్యి మీద ఎంతసేపుంటే అంత చేదు, నీకు తెలీందా?"

"ఎప్పుడూ మరిగించినంతే."

"నీళ్ళు?"

"అదే బావి."

"బార్లీ తక్కువ వేశావేమో. తీపి తగ్గితే చేదు పైకొస్తుంది."

"పెళ్ళని ఇంకాస్త ఎక్కువే వేశా."

"అయితే వయసురా. కోపం తెచ్చుకోకు. అరవై దాటాక నాలుక మొద్దుబారుతుంది. కాచేటప్పుడు చేదు నీకు తెలిసుండదు, ఇంకా ఇంకా వేసుంటావు."

"లుద్మిల కూడా అదే అంది. ఇంక ఆ పొయ్యి ముట్టుకోవద్దంది."

"పెళ్ళాం మాట విను మరి. ఆ రాగి గంగాళం ఏం చేస్తావ్?"

"ఏం, కావాలా?"

"ఊరికే అడిగా. ముక్కూ మొహం తెలీనివాడికి ఇచ్చేకంటే నా దగ్గరుంటే నీకూ బెంగుండదు."

"సరే. ముందు ఈ సీసాలోది ఒక గుక్క తాగు."

"ఏంటిది?"

"తాగు వెండా."

"...ఇదిరా. ఇదీ నీ చెయ్యంటే. తీపీ చేదూ ఒకదాన్నొకటి తొక్కకుండా. పోయినేటిది దాచావా?"

"పెళ్ళి తర్వాత కాచింది."

"మరింకేం, చెయ్యి తిరిగొచ్చింది."

"ఎక్కడికెళ్ళిందని తిరిగి రావడానికి? అదే గంగాళం, అదే బావి. పువ్వులు కూడా పెళ్ళికని నువ్విచ్చిన వాటిలో మిగిలినవే. రెండు దోసిళ్ళు వేసేచోట ఒక్కటి వేశా."

"ఒక్కటేనా?"

"మన ఊరి పువ్వులు మెతకరా, రెండో దోసిలీ వెయ్యి అని నేర్పింది నువ్వే. ఇన్నేళ్ళూ రెండే వేశా. రెండే కొన్నా."

"ఈసారి ఎండలు... పంట ఘాటుగా వచ్చింది."

"తోటవాణ్ణి అడిగా. ఎప్పటిలాగే వచ్చిందన్నాడు."

"నన్ను అనుమానిస్తున్నావా? నన్నా? ఈసారి నీ దగ్గర ఒక్క కోరునా డబ్బులైనా తీసుకున్నానా? మన పిల్ల పెళ్ళని, కానుకని, కొత్త బస్తా విప్పి నా చేత్తో ఏరిచ్చా. కొత్త బస్తా క్విడో."

"అవును. కొత్త బస్తా."

"అదే చెప్తున్నా."

"మరి నేను కొన్నవన్నీ ఏ బస్తాలోవి?"

"ఏ బస్తావైతే ఏంట్రా, పువ్వులు పువ్వులేగా."

"చెప్పు, వెండా."

"కొట్టన్నాక ఏడాది దాటి చేదు చచ్చిన పాత సరుకు మిగలదా? మిగిలింది కొంచెం కొంచెం కలపకపోతే ఎవడు బతుకుతాడు? లుద్మిలకి చెప్పావా ఇదంతా?"

"తనింకా నా నాలుకే చచ్చిందనుకుంటోంది."

"అలాగే అనుకోనీరా. ఆడవాళ్ళ దాకా ఎందుకు. రేపట్నుంచి నీకు కొత్తవే ఇస్తా, సరేనా? తూకం కూడా పెట్టను."

"వద్దులే. లెక్క చూసుకుంటే, ఇన్నేళ్ళలో ఈ కొట్లో నాకు ముట్టిన నికార్సయిన సరుకు నువ్వు ఊరికే ఇచ్చిన ఆ కానుకొక్కటే. దాన్నే నా కూతురి పెళ్ళిలో కాలవలో పారబోశారు."