గంపెడు సున్నం

కలిపిన మట్టినీళ్లలో ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారింది. బంటుమిల్లి నుంచి చెల్లెలి భర్త తెచ్చిన మట్టిలో అసలే క్షారం ఎక్కువని సత్యవేదం టీచరుకు అర్థమైపోయింది. నిరుడు చెల్లెలు హన్నా జ్వరంతో మూలుగుతుంటే, కోతలు అయ్యేదాకా బందరు ఆస్పత్రికి తీసుకురాని మనిషి ఇతనే.

“ఏమంటారు వదినగారూ? మొక్కల ఆకులన్నీ పసుపు తిరిగిపోతున్నాయి.”

“మట్టి పులిసిపోయింది. సున్నం వెయ్యాలి.”

“గుల్లసున్నమేనా? నీళ్లు పోసి చల్లార్చాలా?”

“అక్కర్లేదు. బట్టీలోంచి తెచ్చింది తెచ్చినట్టే మొక్కల మొదళ్లలో పొయ్యండి.”

“వేళ్లు కాలిపోవూ?”

“నన్నడగడానికే కదా వచ్చారు. మొక్కకి గంపెడు వెయ్యండి.”

ఆ మాట అన్నాక ఆమెకు కడుపు చల్లబడినట్టయింది.

“అలాగేనండి. అవి బతికితే చాలు. హన్నా నాటిన మల్లెలండీ. ఇంట్లో తన చేతివి అవే మిగిలాయి.”

సత్యవేదం నీలం తిరిగిన కాగితాన్ని అతని ముందు పెట్టింది.

“సున్నం వెయ్యకండి.”

“ఇప్పుడేగా వెయ్యమన్నారు?”

“మొక్కలు చావాలని చెప్పాను. ఆ మట్టికి సున్నం విషం. వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో సహా తవ్వి తెచ్చివ్వండి. నా పెరట్లో పెట్టుకుంటాను.”

అతని మొహం పాలిపోయింది.

“అన్నీనా? ఒక్కటైనా నాకు ఉంచండి వదినా.”

“అన్నీ కావాలి. దాన్నెలాగూ వేళకు తీసుకురాలేదు. వీటినైనా తీసుకురండి.”