కీబోర్డు ముట్టని పరీక్ష

"నోర్మూసుకుని విను బావా! టీ కోసమే ఆఫీసుకొచ్చే నీలాంటి వాడికి ఈ జన్మలో పని అబ్బదు. పట్టుదల ఉండాలి, పట్టుదల!"

ఆఫీసు పక్క టీ కొట్టులో తోటి టెస్టరును కసురుతున్నవాణ్ణి అందరూ పాస్‌రాయుడంటారు. చేతికొచ్చిన ప్రతి ప్రోగ్రామునూ పాస్ చేస్తాడని ఆ పేరు.

"రేపు మందుల ఫ్యాక్టరీకి వెళ్లే ప్రోగ్రాం ఉందే, సిరప్ పాళ్లు చెప్పేది, దాన్ని లినక్సు కంప్యూటర్లో పరీక్షించమన్నాడు మేనేజరు. నల్ల తెర, ఒట్టి అక్షరాలు. కోడు రాసే సాఫ్ట్‌వేరు తెరిచాను, రన్ బటన్ నొక్కాను, అయిపోయింది!"

"అంతేనా?" అన్నాడు కొట్టు పెద్దాయన.

"అంతేనా అంటావేంటి మామా! ఊరుకుంటానా? ఇంకో నలభై ప్రోగ్రాములు లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మధ్యాహ్నానికి నాలుగు వందలు! కంప్యూటరు ఫ్యాను గిర్రున తిరిగి బల్ల జానెడు పైకి లేస్తే మోకాళ్లతో అదిమిపట్టి మరీ నడిపాను."

"తలకి పైకప్పు తగల్లేదా?" అన్నాడు బావ.

"తగిలితే ఆగే రకమా నేను? సాయంత్రానికి నాలుగు వేలు! వేలు పెట్టకముందే తప్పులన్నీ 'మేం లేమయ్యా' అంటూ వరసలో పారిపోయాయి. కీబోర్డు ముట్టలేదు, ఒట్టు! అన్నిటికీ పాస్ సంతకం. చీఫ్ టెస్టరు కుర్చీ ఇక నాదే."

పక్క బల్ల దగ్గర టీ తాగుతూ ఇదంతా వింటున్న, ఆ సిరప్ ప్రోగ్రాం రాసినావిడ గ్లాసు కింద పెట్టింది.

"అన్నయ్యా, నా ప్రోగ్రాం ముందు ఎన్ని లీటర్లు కావాలని అడుగుతుంది. అంకె కొడితేగానీ కదలదు. మరి దానికేం చెప్పావు?"

పాస్‌రాయుడు గొంతు తగ్గించాడు. "అదీ... కదలకుండా ఉంది. తప్పేం చూపించలేదు."

"జవాబు కోసం చూస్తూ ఉండిపోయింది. రన్ నొక్కితే వచ్చే గడిలో టైపు చేసినా దానికి చేరదు. టెర్మినల్‌లో, అదే ఆ నల్ల తెర మీద, నడపాలి. ఇందాక నేను నడిపాను. పది లీటర్లకు వేయాల్సిన మందు ఒక్క లీటరులో వేయమంది. తప్పు రాసింది నేనే, ఒప్పుకుంటాను. పట్టుకోవాల్సింది నువ్వు. పసిపిల్లలు తాగే మందది!"

ఆవిడ నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లింది.

ప్రోగ్రాం ఆగింది. పాస్‌రాయుడికి చీఫ్ కుర్చీ తప్పిపోయింది. అతను సంతకం పెట్టినవి నిజానికి తొమ్మిది ప్రోగ్రాములే. ఆ తొమ్మిదింటినీ టెర్మినల్‌లో అంకె తర్వాత అంకె కొట్టి మళ్లీ పరీక్షించడానికి పదకొండు రోజులు పట్టింది. ఇప్పుడు అతని సంతకం కింద ఇంకొకరి సంతకం లేనిదే ఏ ప్రోగ్రామూ ఆఫీసు గడప దాటదు.