ఇప్పుడే వెళ్ళిపోయింది

విప్పకమ్మా, ఆ తాడు విప్పకు. బైనాక్యులర్ కావాలంటే తీసుకో, కళ్ళకి పెట్టుకుని చూడు, ఒకవైపు అద్దం గీత పడింది గాని రెండోవైపు ఇప్పటికీ బ్రహ్మాండంగా కనబడుతుంది. దాని పట్టీకున్న తాడు జోలికి మాత్రం వెళ్ళకు. చూడటానికి చెత్తలా ఉంటుంది, నిజమే. మా బావమరిది వేసిన ముడి అది. మా ఆవిడ తమ్ముడు, ఇక్కడే చెరువు మీద గైడుగా చేసేవాడు. వాడు పోయి ఇరవై రెండేళ్ళయింది, మేకుకి తగిలించింది తగిలించినట్టే ఉంది. కూర్చో ముందు, నువ్వు నిలబడితే నీ మొహం చూడటానికి నా మెడ పట్టేస్తుంది. లోపల కోడలు టీ పెడుతోంది. ఏదీ, ఆ ఫోన్లో ఏమిటది? పక్షులంటే ఇష్టమున్నవాళ్ళు తప్పక చూడాల్సిన చోట్లా? మా చెరువు ఎన్నోది? పన్నెండా? దీనికి పైన పదకొండు ఉన్నాయా? సరేలే, రాసినవాడు మిట్టమధ్యాహ్నం వచ్చి ఉంటాడు. మధ్యాహ్నం వస్తే ఇక్కడేముంటుంది, బురదా నేనూ.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గేటు పక్క గదిలో టిక్కెట్లిచ్చాను. నువ్వొచ్చేటప్పుడు చూసే ఉంటావు, కిటికీకి చెయ్యి పట్టేంత కన్నం. లోపల ఒక స్టూలు, ఒక బల్ల, గోడకి పక్షుల బొమ్మల చార్టు, ఎండకి వెలిసిపోయి బాతూ కొంగా కాకీ అన్నీ ఒకే నీలం. కిటికీ అంచు మీద వచ్చినవాళ్ళు రాసే రిజిస్టరు, దానికి కట్టేసిన పెన్ను. ఏ పిట్టని చూశారు, మీ అభిప్రాయం ఏమిటి అని రెండు గడులు. అభిప్రాయం గడిలో నూటికి తొంభైమంది ఒకటే రాస్తారు, ప్రకృతి చాలా బాగుంది, మరుగుదొడ్డి బాగాలేదు అని. మిగతా పదిమందీ మా బావమరిది గురించి రాసేవాళ్ళు. ఏమనా? అబద్ధాలకోరు అని.

ఎందుకంటే, మా చెరువులో ఒక కొంగ ఉండేది. చిన్నది. జమ్ముగడ్డిలో ఉంటుంది, గడ్డి రంగే. మనిషి అలికిడైతే ఎగిరిపోదు, మెడ నిటారుగా పైకి చాచి పుల్లలా నిలబడిపోతుంది. గాలికి గడ్డి ఊగితే అదీ ఊగుతుంది, అంత దొంగది. పుస్తకాల్లో పెద్ద పేరేదో ఉంది, నాకు నోరు తిరగదు, మేం పుల్లకొంగ అనేవాళ్ళం. పెద్ద పెద్ద కెమెరాలవాళ్ళు దానికోసమే వచ్చేవాళ్ళు. మిగతా గైడ్లని అడిగితే "మాకు తెలీదు బాబూ, ఇప్పుడేగాణ్ణి అడగండి" అనేవాళ్ళు. మావాడికి అదే పేరు, ఇప్పుడేగాడు. ఏ పిట్ట ఎక్కడ గుడ్డు పెట్టిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడు, ఈ కొంగ మాటెత్తితే చాలు, వాళ్ళని తూర్పు గట్టుకి తోలుకుపోయేవాడు. అక్కడ టవరెక్కించి, ముప్పైరెండు మెట్లు, ఏడో మెట్టు కదులుతుంది, పైన నిలబెట్టి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఇదిగో ఇలా నాలుక చప్పరించేవాడు. "అయ్యో, ఒక్క పది నిమిషాలు ముందొచ్చుంటే బాగుండేది సార్. ఇప్పుడే వెళ్ళిపోయింది." ఒకసారంటే నమ్ముతారు. వాళ్ళు మర్నాడు పొద్దున్నే ఆరింటికి మళ్ళీ వచ్చేవాళ్ళు. అప్పుడూ ఇప్పుడే.

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఒరేయ్, అబద్ధమాడినా అతికినట్టుండాలిరా, కనీసం ఒకసారి అరగంటైంది అను, ఒకసారి నిన్ననుంచీ రాలేదు అను, మాట మార్చు అనేవాణ్ణి. నవ్వేవాడు. "బావా, మాట మారిస్తే గుర్తుంచుకోవాలి. ఒకటే అయితే సుఖం." ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర ఎత్తితే, "వాడికి కనబడకపోతే వాడేం చేస్తాడు, మీరు ఆ గదిలోంచి బయటికొచ్చి ఏనాడైనా ఒక్క పిట్టని చూశారా" అని నా మీదకే వచ్చేది. అదీ నిజమే. ముప్పై ఒక్క ఏళ్ళలో నేను చూసిందంతా ఆ కన్నంలోంచి లోపలికొచ్చే చేతులే. ఎక్కడున్నాను? ఆఁ, ఫిర్యాదులు. ఒక ఏడు సీజను మొదట్లోనే రెండు పడ్డాయి. పై ఆఫీసరు జీపులో వచ్చి, రిజిస్టరు తిరగేసి, మావాణ్ణి పిలిచి నిలబెట్టాడు. "ఈ సీజన్లో ఇలాంటిది ఇంకొక్కటి కనబడిందా, ఆ బిళ్ళ తీసి ఈ బల్ల మీద పెట్టాలి" అన్నాడు. ఇత్తడి బిళ్ళ, మీద గైడు అని ఉంటుంది, అది చొక్కాకి లేకపోతే చెరువులోకి వెళ్ళనివ్వరు. వాడికి ఆ బిళ్ళే లోకం. పెళ్ళి కూడా చేసుకోలేదు. అక్క సంబంధం తెస్తే "ఇప్పుడు గుడ్ల కాలం అక్కా, తర్వాత చూద్దాం" అనేవాడు. గుడ్ల కాలం అయ్యాక పిల్లల కాలం, అదీ అయ్యాక వలస కాలం. మా ఆవిడ అలిసిపోయి మానేసింది.

అప్పుడొచ్చింది ఆ కుట్టుపనావిడ. అప్పుడంటే మొదటిసారి కాదు, ఆరోసారి. ఎక్కడో దూరంనుంచి ఏటా ఒక్క వారం మిషను మీద గుడ్డ కప్పేసి వచ్చేది. అరవై దాటిన మనిషి, సన్నగా, నడిచేటప్పుడు కూడా మిషను ముందు కూర్చున్నట్టు మెడ వంచుకునే ఉండేది. చేతిలో చిన్న నోట్సు, అందులో చూసిన పిట్టలన్నీ వరసగా. మా చెరువులో ఆవిడకి ఒక్కటే మిగిలిపోయింది, ఏదో నేను చెప్పక్కర్లేదు. ఐదేళ్ళూ తూర్పు గట్టు టవరెక్కింది, ఐదేళ్ళూ ఆ ఒక్క మాటే విన్నది. ఒక్కనాడు చెడ్డగా రాయలేదు. "వచ్చే ఏడు చూద్దాం బాబూ" అని వెళ్ళిపోయేది. ఆ ఏడు మాత్రం కన్నంలో చెయ్యి పెట్టి, నేనిచ్చిన టిక్కెట్టు పట్టుకోబోయి, పక్కన గాలిని పట్టుకుంది. ఏమిటమ్మా అంటే, "కళ్ళు పోతున్నాయి నాయనా. సూదిలో దారం ఎక్కించి ఏడు నెలలైంది. వచ్చే ఏటికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేం తెలియదని డాక్టరు చెప్పేశాడు" అంది, పక్కింటివాళ్ళ సంగతేదో చెబుతున్నట్టు. మావాడు నా వెనక స్టూలు మీద బూట్లు తొడుక్కుంటున్నాడు. విన్నాడు. ఒక బూటు కాలికి, ఇంకోటి చేతిలో, అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి వెళ్ళి ఆవిడ సంచీ అందుకుని, తూర్పు గట్టుకి కాకుండా పడవల దగ్గరికి నడిపించాడు. పదింటిదాకా తిరిగి రాలేదు.

పడవలో జరిగింది నాకు తర్వాత వాడే చెప్పాడు. పడమటి వైపు, ఎవరూ వెళ్ళని మూలకి గెడ వేసుకుంటూ తీసుకెళ్ళాడు. చూడటానికని బైనాక్యులర్ చేతికిస్తే ఆవిడ దాని పట్టీ తడిమి, "ఈ ముడేమిటి బాబూ? కత్తితో కోసిన తాడు ముక్క ఎందుకు దాచుకున్నావు?" అని అడిగిందట. కుట్టేవాళ్ళకి ముడి కనబడక్కర్లేదు, వేళ్ళకి తెలిసిపోతుంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పాడు. గైడయిన కొత్తలో ఒక కెమెరా ఆయన్ని పుల్లకొంగ గూటి దగ్గరికి తీసుకెళ్ళాడట. గడ్డి అడ్డమొస్తోంది, ఫోటో సరిగ్గా రావట్లేదు అన్నాడాయన. కోస్తే పాపమని, మావాడు తెలివిగా గడ్డిని పక్కకి వంచి తాడుతో కట్టాడు, పనయ్యాక విప్పేద్దామని. ఫోటో బాగా వచ్చింది. ఆయన భుజం తట్టాడు. ఆ సంబరంలో కబుర్లు చెప్పుకుంటూ ఇద్దరూ ఒడ్డుకొచ్చేశారు. తాడు విప్పలేదు. మధ్యాహ్నం ఎండలో గుర్తొచ్చి పరిగెత్తాడు. గూట్లో నాలుగు పిల్లలుండేవి. నీడ లేదు, మరుగు లేదు, పైన గద్ద తిరుగుతోంది. ఒక్కటీ మిగల్లేదు. ముడి బిగుసుకుపోయి రాక, తాడు కోసి ఆ ముక్క తెచ్చుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అని వాడే అన్నాడు. ఆ రోజునుంచే మొదలు, ఇప్పుడే వెళ్ళిపోయింది అనడం.

సరే, పడవ గూటికి ఎదురుగా ఆపాడు. పది అడుగులుంటుందట. కొంగ మెడ చాచి నిలబడింది. "అదిగోనమ్మా" అన్నాడు. ఆవిడ బైనాక్యులర్ పెట్టుకుంది, తీసేసింది, కళ్ళు తుడుచుకుంది. "గడ్డే కనబడుతోంది బాబూ." గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఎండెక్కుతోంది. అంత దగ్గర ఉన్నది ఆవిడ చూపుకి అందట్లేదు. చివరికి మావాడి మనసు ఆగలేదు, చెయ్యి చాచి ముందున్న నాలుగు పుల్లలు పట్టుకున్నాడు, కాస్త పక్కకి తీద్దామని. వాడే, ఆ తాడు అన్నేళ్ళు మెళ్ళో మోసినవాడే. ఆవిడ వాడి మణికట్టు పట్టుకుంది. చూపు లేదు గాని పట్టు గట్టిదేనట. "వద్దు నాయనా. అది వాటి గుమ్మానికి పరదా. నేను చూడకపోతే మునిగిపోయేదేమీ లేదు." మళ్ళీ కూర్చున్నారు. కాసేపటికి గాలి పూర్తిగా ఆగిపోయింది. గడ్డంతా నిలిచిపోయింది. అప్పుడు ఆవిడ వాడి చెయ్యి నొక్కి, "ఒక పుల్ల ఊగింది" అంది మెల్లగా. "అన్నీ ఆగాయి బాబూ, అదొక్కటే ఊగింది." ఆవిడ చూసింది అంతే. ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా ఏడ్చారట, పడవలో కూర్చుని, పిచ్చివాళ్ళు.

ఇవేమీ తెలియకుండా నేను గదిలో కూర్చున్నాను. ఆవిడ వచ్చి రిజిస్టరు అడిగింది. పెన్ను చేతిలో పెట్టాను. మొహం కాగితానికి ఆనించి, పెద్ద పెద్ద అక్షరాలతో, ఒక గీతమీంచి ఇంకో గీతమీదికి జారిపోతూ రాసింది. ఏ పిట్టని చూశారు అన్న గడి ఖాళీ. అభిప్రాయం గడిలో, ఇప్పుడే వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, వాడి మీద. కళ్ళు పోతున్న మనిషికి కూడా అదే మాట చెప్పావా వెధవా అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముతూ నవ్వుకుంటున్నాడు. నాలుగో రోజు ఆఫీసరొచ్చాడు, చదివాడు, చెయ్యి చాచాడు. గూడు దాచడానికే ఆవిడ అలా రాసిందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెబితే ఆ గూడెక్కడో చూపించాలి. ఆయనకి తెలిస్తే రేపు జీపు నిండా అతిథులు. మావాడు బిళ్ళ తీసి, చొక్కా అంచుతో ఒకసారి తుడిచి, బల్ల మీద పెట్టాడు.

జీపు వెళ్ళాక అప్పుడు చెప్పాడు నాకు, ఆ గదిలోనే. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదురా అంటే, "బావా, నీ నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు. కోపమొచ్చింది గాని వాడన్నదాంట్లో తప్పేముంది, ఇప్పుడు నీకు చెబుతున్నాగా. తర్వాత గట్టు మీద పడవలకి తారు పూసే పనిలో కుదిరాడు. మరుసటి ఏడు ఆవిడ మళ్ళీ వచ్చింది, మేనకోడలి చెయ్యి పట్టుకుని. ఇక ఏమీ కనబడదు. వాడి పక్కన బెంచీ మీద కూర్చుని చెరువు చప్పుళ్ళు వింటోంది. మాటల్లో వాడి చొక్కా మీద చెయ్యి పడి, "బిళ్ళేదీ బాబూ?" అంది. నేను నోరు తెరిచాను. వాడు నా కాలు తొక్కాడు, తారు బూటుతో. "ఇప్పుడే వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు. ఎంత నవ్విందో ఆవిడ. ఎందుకు పోయిందో ఆవిడకి తెలియలేదనే అనుకుంటున్నాను. నా చెప్పుకి ఆ తారు ఏడాదిదాకా వదల్లేదు.

నాకు తమ్ముళ్ళు లేరమ్మా. వాడంటే నాకు ప్రాణం, ఆ ముక్క వాడికి ఏనాడూ చెప్పలేదు, బావమరిదితో ఎవడు చెబుతాడు. జ్వరం పది రోజులు. ఆ పొద్దున మంచం మీద లేచి కూర్చుంటే, బాగానే ఉన్నాడు కదా అని పనికెళ్ళాను. మళ్ళీ ఎక్కువైందని కబురొచ్చింది. కిటికీ ముందు బస్సెడు జనం. వీళ్ళకి టిక్కెట్లిచ్చేసి వెళ్దాం, ఎంతసేపు, పది నిమిషాలు అనుకున్నాను. నేను వచ్చేసరికి మా ఆవిడ ఇదిగో ఈ గడపలోనే కూర్చునుంది. నన్ను చూసి నోరు తెరిచింది. చెప్పకు అన్నాను. ఆ మాట నాకు తెలుసు.

ఊఁ. ఏమిటీ? ఆ కొంగ ఇంకా ఉందా అనా? నీ కెమెరా బాగుంది, చాలా పెద్దది. పడమటి మూలా? అక్కడేముంది, బురద. తూర్పు గట్టుకి వెళ్ళు, టవరెక్కు, ఏడో మెట్టు జాగ్రత్త. అయినా ఏం లాభంలే తల్లీ, ఒక్క పది నిమిషాలు ముందొచ్చుంటే బాగుండేది. ఇప్పుడే వెళ్ళిపోయింది. నవ్వకు. టీ తాగు, చల్లారిపోతోంది.