ఇంట్లో ఎవరెవరు ఉంటారు సార్?

కూర్చో బామ్మర్దీ, కూర్చో. వచ్చినవాడివి వచ్చినట్టే వెళ్తే ఇరుగుపొరుగు నన్నేమనుకుంటారు? మీ అక్క కుట్టు మిషన్ ఎక్కడికీ పోదు, అదిగో, గుమ్మం పక్కనే ఉంది, దుమ్ము కూడా నేనే తుడిచి పెట్టా. వ్యాన్ వాడు ఆగుతాడులే, వాళ్లకు ఆగడం అలవాటే. పిన్నీ, కొంచెం జరిగి వీడికి చోటివ్వు. మాస్టారూ, ఆ పేపరు మడిచి ఇటు తిరగండి, మీకూ కారుంది కదా, మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా.

కింది వాటా పిన్ని కాళ్లు ముడుచుకుని మెట్టు మీద చోటిచ్చింది. ఎదురింటి లెక్కల మాస్టారు పేపరు మడిచారు. ఈ మాట్లాడే మనిషి కళ్లజోళ్ల షాపులకు అద్దాలు చేరవేస్తాడు, వీధిలో అందరూ రేడియో అంటారు. భార్య అలిగి పుట్టింటికి వెళ్లి నెల దాటింది. ఆమె మిషన్ తీసుకెళ్లడానికి ఇవాళ తమ్ముడొచ్చాడు. మిషన్ కూడా గడప దాటితే ఇక ఆ మనిషి తిరిగి రానట్టేనని అక్కడున్న అందరికీ తెలుసు. రేడియోకు మరీ బాగా తెలుసు. అతను మాట్లాడితే నోటితో పాటు రెండు చేతులూ మాట్లాడతాయి. ఇంకా మొదలెట్టకముందే గ్లాసులో టీ సగం మెట్ల మీద ఒలికింది.

వినండి. పోయిన వారం కారు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఫోన్. ఎవరో అమ్మాయి. సార్, గడువు అయిపోతోంది, కొన్ని వివరాలు కావాలి అంది. అడగమ్మా అన్నా. కారెప్పుడు కొన్నారు, ఎంత తిరిగింది, ఇవి అడుగుతుందనుకున్నా. అబ్బే, కారు గురించి ఒక్క ముక్క అడిగితే ఒట్టు. అంతా నా గురించే. ఏం పని చేస్తారు సార్ అంది. కళ్లద్దాల వ్యాపారం అన్నా. వ్యాపారమంటే పెట్టెలు మోసి షాపుల్లో ఇచ్చి రావడమే అనుకోండి, ఫోన్లో అంత వివరం దేనికి. అవతల టకటకా కొట్టింది. ఈ పని చేసేవాళ్లు రోడ్డు జాగ్రత్తగా చూస్తారట సార్, రేటు కొంచెం తగ్గింది అంది. గొప్ప కోసం చెప్పట్లేదు, ఇంతవరకు మాత్రం అక్షరాలా జరిగింది.

"తగ్గితే మంచిదేగా," అంది పిన్ని.

మంచిదే, కానీ కొంచెం దగ్గర ఆగిపోయే మనిషినా నేను? రాత్రి కారు ఎక్కడ పెడతారు సార్ అంది. వీధిలో పెడితే ఒక రేటు, గేటు లోపల పెడితే ఒక రేటు, అదీ వాళ్ల లెక్క. మా కిటికీ కిందే పెడతానమ్మా, దాని మీద పిల్లి కూర్చుంటే నాకు మెలకువొస్తుంది, ఆ పిల్లి ఏ రంగుదో కళ్లు తెరవకుండా చెప్తా అన్నా. ఇంకాస్త దిగింది. ఎంతవరకు చదివారు, ఈ ఇంట్లో ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు, ఎప్పుడు నిద్ర లేస్తారు, కరెంటు బిల్లు టైముకు కడతారా, ఒకటా రెండా. వీటికీ కారుకీ ఏంటమ్మా సంబంధం అన్నా. కరెంటు బిల్లు మర్చిపోయేవాడు బ్రేకు కూడా మర్చిపోతాడని కంప్యూటర్ నమ్మకం సార్ అంది. ఆ తర్వాత ఏం అడిగిందో తెలుసా? చెప్పుల సైజు. నవ్వకండి మాస్టారూ. చెప్పా. అవతల టకటకా ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా, సార్, బ్రేకు మీద ఇంత నిండుగా పడే పాదం మా కంపెనీలో ఇంకెవరికీ లేదు అంది.

"నన్ను వయసు అడిగి రేటు పెంచారు," అన్నారు మాస్టారు. "చెప్పుల దాకా రానేలేదు."

మీ పాదం చిన్నది మాస్టారూ, అందుకే రాలేదు.

బయట వ్యాన్ హారన్ మోగింది. బామ్మర్ది లేవలేదు. ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు.

"వాడు ఉంటాడు బావా, నువ్వు చెప్పు. నువ్వేం చెప్పినా మధ్యలో లేవకుండా చివరిదాకా విని రమ్మంది అక్క."

విన్నావా పిన్నీ? చివరిదాకా విని రమ్మందట. ఏమనుకున్నావు మరి, ఇప్పటికీ నా మాటంటే ఆమెకు అంత ఇది. పైకి కోపం, అంతే. సరే, ఎక్కడున్నాం? ఆఁ, ప్రమాదాలేమైనా జరిగాయా సార్ అంది. జరగలేదమ్మా, జరగబోతుంటే నేనే ఆపాను అన్నా. లారీ. లారీ అంటే మామూలు లారీ అనుకునేరు, దాని ముందు లైట్లు ఒకటి ఈ ఊళ్లో ఉంటే ఒకటి పక్క ఊళ్లో ఉంది. మీ అక్క పక్క సీట్లో ఉంది. నేనేదో చెప్తున్నా, మాట మంచి పట్టులో ఉంది, అప్పుడొచ్చింది మీదకి. ఏం చేశానో తెలుసా? రెండు చేతులూ ఇదిగో, ఇలా చాపి, అద్దం లోపలి నుంచే ఆగు అన్నా. ఆగింది. డ్రైవరు కిందికి దిగి దండం పెట్టి, అన్నా, నేను బ్రేకు తొక్కినా ఇంత బాగా ఆగదు అన్నాడు.

"రెండు చేతులూ చాపావా?" అన్నారు మాస్టారు. "మరి స్టీరింగు?"

"అసలు లారీ ఎక్కడిది?" అంది పిన్ని. "మాటల్లో పడి డివైడర్‌కు గుద్దానని ఆ రోజు నువ్వే ఏడ్చావు. పాపం ఆ పిల్ల చేతికి అంత కట్టు కట్టించుకుని..."

బామ్మర్ది తలెత్తి బావ మొహంలోకి చూశాడు.

ఆగు పిన్నీ, అసలు సంగతి ఇప్పుడే వస్తుంటే అడ్డం పడతావేంటి. నీతో ఇదే చిక్కు. ఆ అమ్మాయి, ఫోన్లో అమ్మాయి, అప్పుడు అడిగింది అసలు ప్రశ్న. ఇంట్లో ఎవరెవరు ఉంటారు సార్ అంది. నేనూ మా ఆవిడా అన్నా. ఆమె కూడా కారు నడుపుతారా అంది. నడపడమా, ఆమె నడిపితే వెనక సీట్లో నా అద్దాల పెట్టెలు నిద్రపోతాయమ్మా అన్నా. ఏం పని చేస్తారు అంది. బట్టలు కుడుతుంది అన్నా. ఇక చూసుకోండి. ఒంటరివాడికి ఒక రేటు, పెళ్లయినవాడికి ఒక రేటు, అది అందరికీ ఉన్నదే. కానీ కుట్టుపని చేసే పెళ్లానికి ఏ రేటో వాళ్లకే తెలీదు. నేను చెప్పా, అమ్మా, గతుకుల రోడ్డు మీద కారు ఎగిరెగిరి పడుతుంటే సూదిలో దారం ఎక్కించిన మనిషి, అదీ కళ్లజోడు లేకుండా, అదీ చీకట్లో, అదీ నాతో మాట్లాడుతూ అన్నా.

"నువ్వు మాట్లాడుతుంటే ఇంకొకళ్లకు మాట్లాడే సందు ఎక్కడ?" అంది పిన్ని.

ఆ మాటతో రేటు పడిపోవడం మొదలెట్టింది. ఆ అమ్మాయి చదువుతోంది, ఇంత సార్, ఇప్పుడు ఇంత సార్, అయ్యో ఇంకా దిగుతోంది సార్ అంటూ ఆయాసపడుతోంది. మంచినీళ్లు తాగమ్మా అన్నా. సున్నా దగ్గర ఆగుతుందనుకున్నాం ఇద్దరం. ఆగలా. సున్నా దాటి కిందికి పోయింది. ఇక మేమే మీకు ఇచ్చుకోవాలి సార్ అని మేనేజరు ఫోన్ లాక్కున్నాడు. ఆయన చేతిలోంచి పెద్ద మేనేజరు లాక్కున్నాడు. ఆ ఒక్క ఇంట్లో ఆ ఒక్క ఆడమనిషి మిషన్ తొక్కుతుంటే ఈ వీధి మొత్తానికి రేటు పడిపోయింది. పక్క వీధికి పడిపోయింది. ఊళ్లో తాగి నడిపేవాళ్లకు కూడా తగ్గించారంటే చూసుకోండి.

"నాకు పెరిగిందని ఇందాకే చెప్పా," అన్నారు మాస్టారు.

మీరు వీధికి అటు పక్కన ఉన్నారు మాస్టారూ, మిషన్ చప్పుడు మీదాకా రాదు. చివరికి ఏమైందో తెలుసా? కంపెనీ చైర్మన్ తనే వచ్చాడు. ఇదిగో, వీడు కూర్చున్న ఈ మెట్టు మీదే కూర్చున్నాడు, కోటుకు సున్నం అంటుతుందన్నా వినలేదు. నువ్వు ఆ రోజు ఊరెళ్లావు పిన్నీ.

"నేను ఊరెళ్లి ఏడాదయింది."

అప్పుడే అయ్యుంటుంది. ఆ కిటికీలోకి చూశాడాయన. మిషన్ ముందు స్టూలు ఖాళీగా ఉంది. మేడమ్ ఏరి అన్నాడు. పుట్టింటికెళ్లింది, నాలుగు రోజుల్లో వస్తుంది అన్నా. మనిషి పాలిపోయాడు. నా రెండు చేతులూ పట్టుకుని, అయ్యా, మీకు దండం పెడతా, ఆమెను తొందరగా పిలిపించుకోండి, మా కంపెనీ మొత్తం ఆ స్టూలు మీద కూర్చుని ఉంది అన్నాడు. కంప్యూటర్ పాడైపోయిందట. వేళకు తినట్లేదు. రాత్రుళ్లు నిద్ర లేదు. గేటు చప్పుడైతే చాలు లేచి కూర్చుంటోందట, చూస్తే ఎవరూ ఉండరు, ఏదో పిల్లి. పొద్దున్నే అలవాటు కొద్దీ టీ రెండు గ్లాసుల్లో పోసి, ఆ రెండో గ్లాసు ఏం చేయాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడుతోందట.

మెట్ల మీద ఒలికిన టీ వైపు పిన్ని చూసింది. మాస్టారు పేపరును ఇంకో మడత మడిచారు.

అంతెందుకు, నిన్న మళ్లీ ఫోన్ చేశారు. ఒంటరిగా ఉంటున్నట్టు తేలితే మీ రేటు ఆకాశానికి వెళ్తుంది సార్, కారు రోడ్డెక్కదు, కారు లేకపోతే మీ పని లేదు, పని లేకపోతే మీరు లేరు అన్నారు. నేను కాదురా ఈ మాట అంటున్నది, కంపెనీ. నాదేముంది, నేనెలాగైనా బతుకుతా. మీ అక్కతో ఈ సంగతి చెప్పు. ఆమె లేక ఇన్నిన్ని ఉద్యోగాలు పోతున్నాయని చెప్పు. నా కోసం కాదు, ఆ ఫోన్ అమ్మాయి కోసమైనా రమ్మను. చూశావుగా, మొత్తం చెప్పేశా. ఇక నువ్వే చెప్పాలి.

"అయిపోయిందా బావా?"

అయిపోయింది.

"ఇంకేమైనా అడగాలా?"

అడగడానికేముంది, ఆ మిషన్ ఇక్కడే వదిలేసి వెళ్తావా అని, అంతే. ఇంకా కావాలంటే చైర్మన్ వెళ్తూ వెళ్తూ ఏమన్నాడో అది కూడా చెప్తా.

"వద్దు బావా." బామ్మర్ది లేచి ప్యాంటుకంటిన సున్నం దులుపుకున్నాడు. అతని గొంతులో కోపం లేదు. "అక్క నాకు ఒకటే చెప్పి పంపింది. బావ మాట్లాడతాడు, మాట్లాడనివ్వు, తొందరపెట్టకు, మధ్యలో ఎప్పుడైనా నా చెయ్యి ఎలా ఉందని అడిగితే మిషన్ అక్కడే ఉంచి రా, సాయంత్రానికి నేనే వస్తా అంది. అడగకపోతే తెచ్చెయ్ అంది."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉన్నా. పిన్ని ఆ మాట ఎత్తినప్పుడు ఇక అడుగుతావనుకున్నా. ఆ ఇన్సూరెన్సు వాళ్లు నీ చెప్పుల సైజు కూడా అడిగారు బావా. నువ్వు ఒక్కటంటే ఒక్కటి అడగలేదు."

రేడియో చేతులు గాల్లో ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచి, తర్వాత ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"కట్టు తీశారు. బొటనవేలూ చూపుడువేలూ కలవట్లేదు. సూది నిలవదు. ఎడం చేత్తో నేర్చుకుంటోంది, నా మిషన్ అయితే త్వరగా వస్తుంది అంటోంది."

"నేను వచ్చి..."

"ఇప్పుడొద్దు బావా. ఇప్పుడొచ్చినా మళ్లీ మాట్లాడతావు."

వ్యాన్ హారన్ మళ్లీ మోగింది. బామ్మర్ది గుమ్మం దగ్గరికి వెళ్లి మిషన్ ఒక పక్క పట్టుకున్నాడు. అది బరువైన పాత మిషన్, ఇనుప కాళ్లది, ఒక్కడివల్ల కాలేదు. మాస్టారు లేవబోయారు. ఆయన కంటే ముందు రేడియో లేచాడు, రెండో పక్కకు వెళ్లాడు. ఇద్దరూ ఎత్తారు. మెట్ల మీద ఒలికిన టీ ఇంకా తడిగానే ఉంది, జాగ్రత్త అంది పిన్ని. రేడియో మిషన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ, వ్యాన్ దాకా ఎక్కడా తగలకుండా దించాడు.