కొళాయి పుట్టినరోజు

అది కాదు ఎస్సై సారూ, జుట్టు పెంచినోళ్లంతా రౌడీలేనా? వాని తల్లిని, నేనూ తిట్టినా. "ఏమిరా యేసుప్రసాదూ, ఆ ఎర్రరంగేంది, చర్చిలో అందరూ నిన్నే చూస్తాండారు" అని. అంతమాత్రాన గొరిగేస్తారా? ఇప్పుడే లోపల చూసొస్తి. నా బిడ్డను నేనే గుర్తుపట్టలేకపోతి!

వాడు చేసిన తప్పేంది సార్?

పోయినేడు నాయకుడే వచ్చి మా పేటలో కొళాయి ప్రారంభించె. రిబ్బను కత్తిరించె, ఫొటోలు దిగె. ఆపొద్దు నీళ్లొచ్చె. మళ్లా చుక్క లేదు. యాడికి పోతాండాయో మీకు తెలీదా? ఆయన చీనీకాయల తోట చూడండి, ఎంత పచ్చగా ఉండాదో! అర్జీలిస్తే ఎవరు పలికిరి?

అందుకే మావాడూ, వాని స్నేహితుడు ఇలియాసూ ఆ కొళాయికి పుట్టినరోజు చేసిరి. నాయకునికి కట్టినట్టే పెద్ద ఫ్లెక్సీ. ఆయన ముఖముండే చోట కొళాయి బొమ్మ. పూలమాల, శాలువా, కేకు. డప్పు కొట్టుకుంటా పాడిరి:

"నోరు తెరిచి పుట్టినావే కొళాయమ్మా,
ఏడాదాయె, ఒక్క ఏడుపైనా ఏడవకపోతివే!"

మీరూ నవ్వుతాండారే! నవ్వండి సార్. పేటంతా పడీపడీ నవ్వె. ఆ వీడియో రాయచోటి దాకా పోయిందంట.

ఇప్పుడా? నన్ను చూస్తే తలుపులేసుకుంటాండారు. కేకు తిన్నోళ్లే, "మాకేం తెలీదు" అంటాండారు.

మాఫీ అడుగుతా వీడియో తీసిస్తే వదుల్తామంటిరి. మా పాస్టరయ్యా అదే చెప్పె. బతిమాలితి సార్. "రెండు మాటలే గదరా నాయనా, అనేయ్" అంటి. వాడు గుండు తడుముకుంటా, "మాఫీ అడిగితే పాట అబద్ధమైపోతాది గదమ్మా" అనె. కోపమొచ్చె. ఏడుపూ వచ్చె.

ఏంది సార్? పాట ఎవరు కట్టిరో చెప్తే వాణ్ని వదుల్తారా? ఎంత అడిగినా పేరు చెప్పలేదా? అందుకేనా వీపు మీద ఆ వాతలు?

వాడు చెప్పడు సార్. సచ్చినా చెప్పడు.

నేనే కట్టినా. కొళాయి కాడ ఖాళీ బిందె పెట్టుకోని, కూసోని కూసోని కట్టినా. వాడు పాడినాడు, అంతే.

రాసుకోండి, నా పేరు జ్ఞానమణి. ఇంటికాడ వాని చెల్లెలు ఒక్కతే ఉండాది, వాణ్ని పంపించేయండి. నేనీడ కూసుంటా.

మాఫీ మాత్రం నన్నూ అడగద్దు సార్.